జైలుకెవరు పోతారు

ఆదివారం కాబట్టి ఆ పొద్దున ఫిజీ దీవుల్లోని సబేటోలో మునియ్య ఇంట్లో తొందర లేదు. ఎడ్లకు మేత వేసి వచ్చి అతను వసారాలో కూర్చున్నాడు. రంగమ్మ పళ్ళెంలో రొట్టెలూ పప్పూ పెట్టి, చాలా రోజులుగా మనసులో తిరుగుతున్న మాట బయటపెట్టింది.

"రేపు లౌటోకా పోదాం మావా. ఆఫీసులో డబ్బు కట్టీసి, మా వేలు గిరిమిట్ తెంపించీసి వద్దాం."

వేలు రంగమ్మ తమ్ముడు. అక్కాబావలు ఐదేళ్ళ కూలి ఒప్పందం, అదే గిరిమిట్, పూర్తిచేసుకుని సొంత చెరకు వేసుకున్నారని విని వాడూ ఓడెక్కాడు. అక్క దగ్గరికే పంపుతామన్నారు. తీరా దింపింది సముద్రం అవతల దీవిలో, లంబాసా దగ్గర వునిమోలి తోటల్లో. ఇంకా మూడేళ్ళు మిగిలి ఉంది. చెప్పిన పని పూర్తి చేయలేదని ఇప్పటికే రెండుసార్లు జైల్లో పెట్టారు. మిగిలిన కాలానికి డబ్బు కడితే సర్కారు మనిషిని వదిలేస్తుందని తెలిసిన దగ్గర్నుంచి రంగమ్మ ఇంట్లో కొత్త చీర మాట లేదు, నెయ్యి వాసన లేదు.

మునియ్య రొట్టె తుంచాడు కానీ నోట్లో పెట్టుకోలేదు.

"రేపొద్దులే. కొన్నాళ్ళాగు."

"ఎందుకాగాల?"

"ఆ డబ్బులో సగం ఇప్పుడు మన దగ్గిర లేదు."

సిగ్గుపడాల్సిన మాటే. మునియ్య మాత్రం సిగ్గుపడలేదు. లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన కాగితం తెచ్చి భార్య ముందు పరిచాడు. ఆస్ట్రేలియాలో కొత్తగా పెట్టే చక్కెర మిల్లులో వాటాలట. సువా నుంచి వచ్చిన సతేంద్రబాబు అమ్ముతున్నాడు. సగం ధర మొన్న కట్టాడు, మిగతా సగం ఈరోజు కట్టాలి. రెండేళ్ళలో రెట్టింపవుతుందట. అప్పుడు వేలును విడిపించి, ఎడ్లు కొనిచ్చి, పెళ్ళి చేస్తాడట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ పెళ్ళికి ఎవర్ని పిలవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు.

"రెండేళ్ళు పోయాక వాడికి మిగిలేది ఏడాదే. అప్పుడింక విడిపించడమెందుకు?" అంది రంగమ్మ. "నన్నడగలేదేటి?"

"అడిగితే వద్దంటావు."

"వద్దంటానని తెలిసే సేసావన్నమాట."

మునియ్య కాగితం మీది ఎర్ర ముద్ర మీద చెయ్యి పెట్టాడు.

"ఇటు సూడు. సర్కారు ముద్దర. మన గిరిమిట్ కాయితం మీద కూడా ఉండేది కాదా? ఒక్కపూట పని మానితే మనల్నేటి సేసేవోరు? కోర్టు, జైలు. కంపెనీ మాట తప్పినా అంతే. ముద్దరంటే ముద్దరే."

నవ్వడం తేలికే. కానీ ఐదేళ్ళపాటు ఒక ముద్ర తన మెడ మీద కూర్చోవడం చూసినవాడికి ముద్రంటే అదే అర్థమవుతుంది. రంగమ్మ కూడా అవే కూలీల ఇళ్ళ లైన్లలో బతికింది. మొగుడి మీద కోపం తగ్గలేదు గానీ, ఆమెకూ ఆ మాట సబబుగానే తోచింది.

కాస్త ఎండెక్కాక సతేంద్ర వచ్చాడు. అతని మాట హిందుస్తానీ. ఆ ఇద్దరికీ అది లైన్లలోనే వంటబట్టింది. రంగమ్మ మిగతా డబ్బు మూట తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇస్తాను బాబూ. ముందు ఒక్క మాట సెప్పండి. కంపెనీ మాట తప్పితే జైలుకెవరు పోతారు?"

సతేంద్ర నవ్వాడు. అతను మరీ చెడ్డవాడు కాదు. ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి అతనికి అబద్ధమాడే అవసరం రాలేదు.

"జైలెందుకు బహినీ? కంపెనీ మునిగితే మునిగినట్టే. ఎవరి వాటా వాళ్ళు పోగొట్టుకుంటారు. లిమిటెడ్ అంటే అదే."

"మరి ముద్దరో?"

"కంపెనీ పేరు సర్కారు దగ్గర రాయించినట్టు గుర్తు. మంచి కంపెనీ అని కాదు."

"ఏ సర్కారు?"

ఇక్కడ సతేంద్ర కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ఆస్ట్రేలియా అంటే ఆరు రాష్ట్రాలు కలిసిన దేశమనీ, కంపెనీల చట్టం మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదేననీ చెప్పాడు. పేరు రాయించింది ఒక రాష్ట్రంలో. మిల్లు కట్టేది ఇంకో రాష్ట్రంలో. డబ్బు చేరేది మూడో చోట. ఒకచోట చట్టం గట్టిది, పక్కచోట అడిగే నాథుడు లేడు. ఇక ఫిజీ ఆ ఆరింటిలో ఏదీ కాదు.

"మేం మిగతా సగం కట్టకపోతే?" ఈసారి అడిగింది మునియ్య. 

"కట్టింది పోతుంది భాయి. కంపెనీ తలుచుకుంటే మీ మీద కోర్టుకు కూడా పోవచ్చు. సాధారణంగా అంతదూరం రారులే."

"ఏ కోర్టుకి?"

"మీరున్న చోటికే. లౌటోకా."

మునియ్య తల దించుకున్నాడు. ఈ కాగితంలోనూ కట్టుబడింది తానే. సతేంద్రకు జాలేసినట్టుంది. గొంతు తగ్గించాడు.

"ఒక దారుంది. మధ్యాహ్నం నీ జహాజీలు వస్తామన్నారు కదా. వాళ్ళు వాటాలు తీసుకుంటే తలకింతని కమిషను నీది. నువ్వు కట్టింది వెనక్కొచ్చేస్తుంది. రేపే నీ బావమరిదిని విడిపించుకోవచ్చు."

ఒకే ఓడలో వచ్చినవాళ్ళు జహాజీ భాయిలు. సొంత అన్న మాట కాదన్నా జహాజీ మాట ఎవరూ కాదనరు. మునియ్య ఒక్క ముక్క చెబితే చాలు, వాళ్ళు కొంటారు. అది అందరికీ తెలుసు. అతను భార్య వైపు చూశాడు. వేలు ఆమె తమ్ముడు కాబట్టి ఆమే చెప్పాలనుకున్నాడు.

రంగమ్మకు వేలు కావాలి. జహాజీలు తొందరగా వస్తే బాగుండునని కూడా ఒక్కక్షణం అనిపించింది. అలా అనిపించినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మనల్ని ఓడెక్కించిన ఆర్కాటీకీ తలకింతనే ఇచ్చారు," అంది. "ఆడూ మన ఊరోడే. ఆడి మాట మీదే కదా మనం వచ్చాం."

"రంగా, మరి వేలు..."

"వేలు నా తమ్ముడు. ఆడి కోసం ఏడ్చేది నాను. నువ్వు మాత్రం ఆర్కాటీ పని సెయ్యకు."

సతేంద్ర కాగితాలు సర్దుకుని లేచాడు.

మధ్యాహ్నం నలుగురు జహాజీలూ మొలలో డబ్బుతో వచ్చారు. మునియ్య వాళ్ళను కూర్చోమనలేదు. తానూ కూర్చోలేదు.

"మొన్న నాను మంచిదని సెప్పాను. తప్పు సెప్పాను. నా సగం పోయింది, మీ డబ్బు తీసుకుని ఇళ్ళకి పొండి."

ఒకతను గొణిగాడు, ఒకతను నవ్వాడు. పెద్దవాడు మునియ్య భుజం తట్టాడు. 

మిగిలిన డబ్బు అలాగే ఉంది. కానీ సగం డబ్బుకు సర్కారు సగం మనిషిని వదలదు. ఇంకో పంట గడవాలి.

మునియ్య లోపలికి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"వచ్చే ఓడకి లంబాసా పోతాను. వాడికి నానే సెప్తాను, నీ డబ్బు నానే పోగొట్టానని."

 రంగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నానూ వస్తాను. నువ్వొక్కడివీ పోతే వాడు కోపమంతా మింగీసి, పరవాలేదు బావా అంటాడు. నానుంటే ఏడుస్తాడు. వాణ్ణి ఏడవనీ."

మునియ్య నేల మీద కూర్చుని, ఆ పిల్లవాడి కంటే ముందు తానే ఏడ్చాడు. రంగమ్మ వచ్చి పక్కన కూర్చుంది.