తెల్లరాళ్ళ కొండకు నాంచారి జాడీ

మన సూర్యుడికి చాలా దూరాన, రెండు సూర్యుళ్ళు పొడిచే చోట, గోరింటలోకం అని ఒకటి ఉంది. అక్కడి మట్టి గోరింట పండిన అరచేతిలా ఎర్రగా ఉంటుంది. భూమి నుంచి ఓడెక్కి, ఆకాశం దాటి వెళ్ళిన మూడొందల మంది అక్కడ ఊరు కట్టుకుని, కొత్తవాకిలి అని పేరు పెట్టుకున్నారు.

ఎంత దూరం పోతే ఏం, మనవాళ్ళు మనవాళ్ళే కదా. తెల్లారేసరికి ప్రతి వాకిట్లో ముగ్గు పడాల్సిందే. అడవి అవతలి కొండమీద తెల్లరాళ్ళుండేవి. వాటిని దంచితే చక్కటి ముగ్గుపిండి వచ్చేది. మొదట్లో చారెడు పిండితో సరిపెట్టుకున్నారు. తూర్పు వీధివాళ్ళు రథం ముగ్గు వేస్తే, పడమటి వీధివాళ్ళు పంతానికి పోయి రెండు రథాలు వేశారు. ఇంకేముంది, ఎగిరే బండ్లు కొండకూ ఊరికీ తెగ తిరిగాయి. చివరికి కొండ బోడిదైపోయింది.

కొన్నాళ్ళకు ఆ కొండ మీంచి వచ్చే ఏరు ఎండిపోయింది. ఊరందరికీ నీళ్ళు ఆ ఏటివే.

ఊరిపెద్ద కొండలరాయుడు అందర్నీ పిలిచాడు. "తొట్లలో పది రోజులకు సరిపడా నీళ్ళే ఉన్నాయి. బండ్ల ఇంధనం కూడా ఓడలో పోయించేశాను. పదకొండో రోజున అందరం భూమికి వెళ్ళిపోదాం. ఈలోగా ఎవరైనా ఏరును తెస్తే, ఏం కోరినా ఇస్తాను" అన్నాడు.

ఆ మాట విని నాంచారి నాయనమ్మ దగ్గరికి పరిగెత్తింది. పదమూడేళ్ళ నాంచారి ఆ ఎర్రమట్టి మీద పుట్టిన మొదటి బిడ్డ. "అందరూ ఇంటికి పోదాం అంటున్నారు నాయనమ్మా. నా ఇల్లు ఇదే కదా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడిస్తే ఏరొస్తుందా? కళ్ళు తుడుచుకుని కొండకు వెళ్ళు. అక్కడేమైందో చూసిరా" అంది నాయనమ్మ అచ్చమాంబ. సంచిలో రొట్టెలూ, జాడీడు నిమ్మకాయ ఊరగాయా పెట్టి పంపింది.

రెండో రోజు అడవి అంచున ఇనుపముని కనిపించాడు. ముని అంటే ముని కాదులెండి, ఓడతో వచ్చిన మరమనిషి. దారులు కొలవడానికి వెళ్ళి, మోకాలు పట్టేసి, అక్కడే కూలబడ్డాడు. ఒళ్ళంతా తీగలల్లుకున్నాయి.

"దండాలు తాతా. కొండకు దారెటు?" అంది నాంచారి.

"ఎదురుగానే ఉంది తల్లీ. కానీ ఇవి నడిచే చెట్లు. ఎవరైనా పరిగెత్తితే బెదిరిపోయి, చుట్టూ మూగి కొమ్మలు అడ్డం పెడతాయి. నింపాదిగా నడు. అన్నట్టు, నా మోకాలికి కాస్త నూనె ఉందా?"

నాంచారి ఊరగాయ మీద తేలిన నూనె వంచి పోసింది. "కారం ఉంది తాతా, మండుతుందేమో" అంది. మోకాలు కిర్రుమని కదిలింది. ముని ముసిముసిగా నవ్వాడు.

అడవిలో ఒక చెట్టు వంగి ఆమె జడ వాసన చూసింది. ఇంకోటి భుజం తడిమింది. పరిగెత్తాలని కాళ్ళు పీకుతున్నా, నాంచారి పళ్ళ బిగువున మెల్లగా నడిచి, నాలుగో రోజుకు కొండ చేరింది.

కొండగుహలో పది ఏనుగులంత బండభూతం నాలుక వేలాడేసుకుని దిగాలుగా కూర్చుంది. "నువ్వూ రాళ్ళకే వచ్చావా పిల్లా? ఒక్కటీ మిగల్లేదు, పో" అంది.

"రాళ్ళకు కాదు భూతం మామా. మా ఏరేమైందో చూద్దామని వచ్చాను."

"ఏరా? అది నా నోట్లోంచి కారేదే. ఆ తెల్లరాళ్ళు నా ఉప్పు. వాటిని నాకుతూ కూర్చుంటే నోట్లో నీళ్ళూరేవి. అవే ఇసుకలో వడకట్టుకుని మీ ఊరొచ్చేవి. అంత ఉప్పూ ఏం వండుకున్నారు?"

నాంచారికి సిగ్గేసింది. "వండుకోలేదు మామా. వాకిట్లో ముగ్గులు వేశాం."

"తినేదాన్ని నేల మీద పోసి తొక్కారా?" భూతానికి ఒళ్ళు మండింది. కాలు దబ్బున వేస్తే కొండంతా అదిరింది.

నాంచారి ఉన్నచోటే నిలబడింది. "తప్పు మాదే. ఇది రుచి చూసి, తర్వాత తిట్టు మామా" అని జాడీ అందించింది.

భూతం ఒక బద్ద నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. "అబ్బ" అంది. దవడ పక్క నుంచి సన్నటి ధార మొదలైంది. రెండో బద్దకు ధార కాలువైంది. జాడీ ఖాళీ అయ్యేసరికి ఏరు జలజలమంటూ కొండ దిగింది.

"మిగిలిన రాళ్ళూ పిండీ తిరిగి తెచ్చిస్తాం. నెలకోసారి ఇంటికో జాడీ కూడా పంపిస్తాం" అంది నాంచారి.

"పంపండి. కారం మాత్రం తగ్గించకండి" అంది భూతం.

తిరుగుదారిలో ఇనుపముని ఆమెను భుజాల మీద ఎక్కించుకుని నడిచాడు. తొమ్మిదో రోజుకు ఊరు చేరేసరికి జనం ఏట్లో దిగి గంతులేస్తున్నారు. నీళ్ళెక్కడివో నాంచారి దాచకుండా చెప్పేసింది. అందరూ దోసిళ్ళు పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందుగా అచ్చమాంబే గడగడా తాగేసి, "చిన్నప్పుడు మీ చొంగ నేను తుడవలేదుటర్రా?" అంది. ఊరంతా నవ్వి తాగింది.

"ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు కొండలరాయుడు.

"ఓడ తాళంచెవి ఇవ్వండి పెదనాన్నా. ఇకమీదట ఊరు వదలాలంటే నన్నడగాలి."

రాయుడు వెంటనే ఇచ్చేశాడు. నాంచారి దాన్ని ఓణీ కొంగున ముడేసుకుంది. పెద్దయ్యాక ఊరిపెద్ద కూడా ఆమే అయింది. అయినా ఆ ముడి విప్పింది లేదు.

తాళంచెవి పుచ్చుకున్న మర్నాడు పొద్దున్నే నాంచారి ఓడ మెట్ల ముందు ఇన్ని నీళ్ళు చల్లి, చారెడు బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేసింది. వాకిట్లో ముగ్గు పడ్డాక అది ఇల్లే గానీ, ఇంకా ఓడెలా అవుతుంది?