చర్ల రోడ్డు కెమెరా కేసు

ఖమ్మంలో ప్రైవేట్ డిటెక్టివ్ ప్రమీల ఆఫీసు మెట్లెక్కేసరికి రూప్లికి నోరెండిపోయింది. అసిస్టెంటు వీరేందర్ ఇచ్చిన నీళ్లు గటగటా తాగి, ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"నా మొగుడు హరిలాల్‌ను పోలీసులు తీస్కపోయిండ్రమ్మా. చర్లల జీపు నడుపుతడు. మనిషిని గుద్ది ఆగకుంట పోయిండని కేసు పెట్టిండ్రు."

ప్రమీల ఒక్కొక్కటే అడిగి విషయం రాబట్టింది. చర్ల నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మలుపు దగ్గర రోడ్డు వెడల్పు పని జరుగుతోంది. పని జాగాలో ముప్పై దాటకూడదని బోర్డు పెట్టి, పక్కనే స్పీడు పట్టే కెమెరా నిలబెట్టారు. మొన్న మధ్యాహ్నం హరిలాల్ నొప్పులు పడుతున్న ఒక గర్భిణిని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతూ ఆ మలుపు దాటాడు. ఆమెకు కాన్పు క్షేమంగానే అయింది. అయితే అదే మధ్యాహ్నం, మలుపు మొదట్లో ఎర్రజెండా ఊపే పగిడయ్య రోడ్డు మీద రక్తంలో పడి కనిపించాడు. ఖమ్మం పెద్దాసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు.

ఫోనులో ఉన్న ఫోటోలో జీపు నంబరు ప్లేటు, కింద వేగం డెబ్బై ఎనిమిది అనే సంఖ్య తప్ప ఇంకేమీ లేవు.

"ఇది ఎవరిచ్చిండ్రు?"

"అక్కడి సూపర్‌వైజరు రవీందర్ సారు పోలీసోళ్లకు పంపిండట. జీపు గుద్దంగ కళ్లార చూసిన అని గూడ రాసిచ్చిండు."

"నీ మొగుడేమంటుండు?"

"గుద్దలేదన్నడమ్మా," అంది రూప్లి.  అది అబద్ధం.

మర్నాడు పొద్దున ప్రమీల కారులో ముగ్గురూ బయల్దేరారు. భద్రాచలం దాటి అడవి మొదలయ్యేసరికి రూప్లి కొంగు వేలికి చుట్టి విప్పుతూనే ఉంది. ప్రమీల అద్దంలోంచి చూసింది.

"రూప్లీ, వైద్యుని కాడ, నా కాడ దాస్తే రోగం ముదురుతది."

రూప్లి భోరుమంది. "స్టేషన్ల నా చెవుల చెప్పిండమ్మా. టైరు కింద ఏందో దడేల్మన్నదట. లోపల ఆ పిల్ల నొప్పులకు ఒర్లుతుంటే ఆపలేదట. అది మనిషే అనుకుంట అన్నం గూడ ముట్టుతలేడు."

ఇక కారు వెనక్కి తిప్పుతారనుకుంది. ప్రమీల మాత్రం, "ఇప్పుడు ఏం వెతకాల్నో తెలిసింది. పోనీ వీరేందర్," అంది.

మలుపు దగ్గర ఎర్రటి దుమ్ము, వరసగా నారింజ రంగు కోన్లు, నీళ్ల ట్యాంకరు. వీరేందర్ రోడ్డు వారనున్న పొదలు తొక్కుతూ పోయి, చితికిపోయిన కోను ఒకటి లాగాడు. దాని మీద నల్లగా టైరు అచ్చు ఉంది. రూప్లి ఆశగా చూసింది. ప్రమీల తొందరపడలేదు.

రెండో చివర పచ్చజెండా పట్టే సారక్కను పిలిచింది.

"పగిడయ్యను ఎవరు లేపిండ్రు?"

"నేనే. రవీందర్ సారు కేకేస్తే ఉరికొచ్చిన. వీపంత బురద. నా చీర గూడ ఖరాబైంది."

"వాన పడ్డదా?"

"వానేడిది మేడం? ఎండ మండిపోతుండె."

రవీందర్ తడబాటు లేకుండా చెప్పాడు. "నేను కెమెరా కాడనే ఉన్న, అడుగు కదల్లే. జీపు రయ్యిన వచ్చింది. ఆ దుమ్ముల పగిడయ్య ఎగిరిపడ్డడు."

ట్యాంకరు డ్రైవరు కోటేష్ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "ఆ రోజు నేను లేను మేడం. బిడ్డకు జరమొస్తే పినపాక పోయిన. తాళం సారుకే ఇచ్చిన. వెనకకు తీసేటప్పుడు మోగే హారన్ చెడిపోయిందని ఎన్నిసార్లు చెప్పినా బాగు చేయించలే."

ప్రమీల వీరేందర్‌ను పక్కకు పిలిచి, చర్ల ఎస్సైని వెంటబెట్టుకుని కెమెరా తీసిన అసలు ఫోటో మొత్తం తెప్పించమంది. రూప్లి ఆ మాట విని నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఆ ఫోటోలో పగిడయ్య జీపు కిందే కనబడితే?

సాయంత్రం ఎండ ఉండగానే రేకుల షెడ్డులో అందరూ చేరారు. హరిలాల్‌ను ఎస్సై వెంట తెచ్చాడు. అతను భార్య వైపు చూడలేదు. ప్రమీల ఫోటోను బల్ల మీద పరిచింది.

"సూపర్‌వైజరు పంపింది నంబరు ప్లేటు ముక్క. ఇది పూర్తి ఫోటో. జీపు మలుపు మొదలు దాటి కెమెరా ముందుకొచ్చింది. వెనక చూడండి."

జీపు వెనక దుమ్ము తోకలా లేచింది. ఆ దుమ్ము పక్కన పగిడయ్య నిలబడే ఉన్నాడు. ఎర్రజెండా ఎత్తి, పోయే జీపును తిడుతున్నట్టు నోరు తెరిచి ఉన్నాడు.

హరిలాల్ ఫోటో మీదికి వంగాడు. "మరి టైరు కింద..."

"కోను," అంది ప్రమీల. "పొదల్ల దొరికింది."

"అయితే ఎనక ఇంకో బండేదో గుద్ది ఉంటది," అన్నాడు రవీందర్.

"ఇప్పటిదాంక జీపే గుద్దంగ కళ్లార చూసిన అన్నవు గద? సరే, ఇది చెప్పు. జీపు పోయినప్పుడు రోడ్డు పొడిగున్నది, దుమ్ము లేసింది. పగిడయ్య పడ్డప్పుడు రోడ్డు తడిగున్నది, వీపుకు బురద అంటింది. వాన లేదు. అంటే జీపు పోయినంక నీళ్లు చల్లిండ్రు. ఇక్కడ నీళ్లు చల్లేది ట్యాంకరొక్కటే. డ్రైవరు పినపాకల ఉన్నడు. తాళం నీ దగ్గరున్నది."

 కోటేష్ గొణిగాడు, "ఎనకకు తీసినవా సారూ?"

రవీందర్ తల పట్టుకున్నాడు. "కనవడలే... అద్దంల కనవడలే. దిగి చూసేసరికి పడున్నడు. లైసెన్సు లేదు నాకు. జీపు ఫోటో అప్పుడే ఫోనుకు వచ్చుండె..."

"నువ్వు ఫోటో పంపిన టైము, ఫోన్ చేసిన టైము ఎస్సై చూసిండు. అంబులెన్సుకు ఫోన్ చేసే ముందే ఫోటో కత్తిరించినవు," అని ప్రమీల అనేసరికి సారక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎస్సై రవీందర్ భుజం మీద చెయ్యి వేశాడు.

రూప్లి మొగుడి దగ్గరకు ఉరికింది. ఆనందంతో ఎగిరి గంతేస్తాడనుకుంటే అతను ఫోటోనే చూస్తున్నాడు.

"గుద్దలే మేడం. కానీ కోను కాడ మనిషుంటే మనిషే పోవు గద."

"అవ్," అంది ప్రమీల. ఓదార్చలేదు.

మరునాడు ఇద్దరూ ఖమ్మం ఆసుపత్రికి పోయారు. వార్డు బయట బెంచీ మీద పగిడయ్య భార్య జంపక్క కూర్చుని ఉంది. హరిలాల్ దూరంగానే ఆగిపోయాడు.

"నువ్వు గుద్దలేదట గద, ఎందుకొచ్చినవ్?" అంది జంపక్క.

"గుద్దలే అక్కా. జోరుగనైతే వచ్చిన. నన్ను ఆపనీకే ఆయన జెండా ఎత్తిండు."

 జంపక్క బెంచీ మీది సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా కళ్లు తెరవలే," అంది. "కూసోండ్రి."