తదియ తాటాకుల అక్షరాలు ఎటు పోయాయి?

ఏమర్రా, సర్దుకుని కూర్చున్నారా? మధ్యలో మంచినీళ్ళనీ, మరొకటనీ లేచారంటే నాకు చెడ్డ చిరాకు. ముందే చెబుతున్నాను.

కుంకుమగిరి రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. రోజూ పొద్దున్నే కోట వాకిట నగారా మోగేది. తిథిపాఠకుడు అరుగెక్కి, ఆనాటి తిథి తాటాకుల కట్ట విప్పేవాడు. ఆ తిథినాడు ఏ ఏట ఏం జరిగినా అందులో రాసి ఉండేది. ఫలానా ఏట ఇదే రోజున వాన కురిసి కరువు తీరింది, మరో ఏట ఇదే రోజున కుమ్మరి బసవన్నకు కవలలు పుట్టారు, ఇలాగన్నమాట. ఒక్కొక్కటీ వినగానే జనమంతా "ఔరా!" అనేవారు. రాజుగారి పెళ్ళికైనా, కుమ్మరింటి పురుడుకైనా ఒకటే ఔరా.

ఆ పాఠకుడి పేరు శరభయ్య. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది కనకాంబరి, పన్నెండేళ్ళ పిల్ల. అందరూ అంబరి అనేవారు. చిన్నది బంతి, ఐదేళ్ళది, ఒట్టి వాగుడుకాయ. తల్లి లేకపోవడంతో అక్క లంగా పట్టుకునే తిరిగేది. బంతి అంటే అంబరికి ప్రాణం.

వైశాఖ బహుళ తదియ వచ్చింది. రాజుగారి పట్టాభిషేకం జరిగింది ఆనాడే. పెద్ద చెరువు కట్ట వరదకు తట్టుకుని నిలిచింది ఆనాడే. మన బంతి పుట్టిందీ ఆనాడే. శరభయ్య కట్ట విప్పాడో లేదో, అక్షరాలన్నీ చీమల్లా కదిలాయి. ఆకు దిగి, అరుగు దిగి, బారు కట్టి అడవిలోకి వెళ్ళిపోయాయి. ఎంత తన్నుకున్నా వాటిలో ఏముందో శరభయ్యకు ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

మర్నాటికి అసలు గొడవ మొదలైంది. తోటకు వెళ్ళొచ్చిన రాజుగారిని కాపలావాడు కోట గుమ్మం దగ్గరే ఆపి, "ఎవరయ్యా నువ్వు? ఎవరితో పని?" అన్నాడు. పాపం, ఆ మహారాజు అప్పట్నుంచీ గుర్రపుశాలలోనే పడుకున్నాడు. చెరువు కట్ట ఇసుకలా రాలసాగింది. అదంతా సరే, బంతికి నీడ పోయింది. ఆ తర్వాత కాలివేళ్ళు కనపడలేదు.

"అక్కా, నా వేళ్ళేవే?" అంది బంతి. అంబరి చెల్లెల్ని ఎత్తుకుని ఊళ్ళోని జ్యోతిష్కుడి దగ్గరికి పరుగెత్తింది.

ఆ ముసలాయన లెక్కకట్టి చెప్పాడు. "ఆ తిథి పోయింది కనక ఆనాడు జరిగినవన్నీ పోతాయి. ఏడో రోజు మధ్యాహ్నం లోపల అక్షరాలు తిరిగి రావాలి, వాటిని పైకి చదవాలి. లేకపోతే పాప ఇక దక్కదు."

శరభయ్యకు మోకాళ్ళ నొప్పులు. సైన్యాన్ని పంపుదామంటే రాజెవరో ఎవరికీ తెలియడం లేదాయె! "నేను వెళ్తాను నాన్నా, నాకు చదవడం వచ్చుగా" అంది అంబరి. చెల్లెల్ని ముద్దాడి, మూటలో అటుకులు కట్టుకుని అక్షరాలు పోయిన దారినే బయలుదేరింది.

రెండో రోజుకి నది అడ్డొచ్చింది. గట్టున ఒక మొసలి నోరు తెరుచుకుని ఉంది. "ఈ రోజుకి నా బతుకులో ఏం విశేషమో చెప్పు. చెప్పలేకపోతే మింగేస్తాను" అంది.

అంబరి ధైర్యం తెచ్చుకుని, "మొసలి తాతా, నిన్ను చూసి అందరూ పారిపోతారు గదా! ఈ రోజే మొదటిసారి ఒక పిల్ల నిన్ను తాతా అని పిలిచింది. ఇంతకంటే విశేషం ఏం కావాలి?" అంది.

"ఇంకోసారి పిలువు" అంది మొసలి సిగ్గుపడుతూ. పిలిపించుకుని, వీపు మీద ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు చేర్చింది.

నాలుగో రోజు ఇనుపకొండ అడుగున రెండు తలల పక్షి ఒకటి కనిపించింది. రెండు తలలూ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాయి.

"ఈ రోజు మన గుడ్డు పగిలి పిల్ల వచ్చిన రోజు, పాడాలి!" అంటుంది ఒకటి.

"ఈ రోజు మన అన్న బోయవాడి బాణానికి పోయిన రోజు, ఏడవాలి!" అంటుంది రెండోది.

"అబ్బబ్బ, ఆగండి!" అని కసిరింది అంబరి. "ఒకరు చెబుతుంటే ఒకరు వినరా? రెండూ జరిగింది మీకే కదా!" ముందు ఏడుపు విని తనూ ఏడ్చింది. తర్వాత పాట విని చప్పట్లు కొట్టింది. తలలు రెండూ నెమ్మదించి, ఆమెను కొండ మీద దింపి వెళ్ళాయి.

అక్కడ గుహ ముందు గండశిలుడనే రాక్షసుడు పెద్ద కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కుండలో తదియ అక్షరాలు బిలబిలలాడుతున్నాయి. ఒక్కొక్కటీ పైకి తీసి, తిప్పి తిప్పి చూసి, ఏమీ తెలియక నిట్టూర్చి వేసేస్తున్నాడు. పాపం, చదువు రాదు.

"ఏం వెతుకుతున్నావు మామా?" అంది అంబరి.

"మా అమ్మను" అన్నాడు. "మా అమ్మ మాట ఏటా తదియనాడు చదువుతామని మీ పాతరాజు మాటిచ్చాడు. నేను కోటగోడ వెనక కూర్చుని వినేవాడిని. ఐదేళ్ళ నుంచి వినపడటం లేదు. అందుకే మంత్రం వేసి అన్నీ పట్టుకొచ్చాను. నువ్వు చదవగలవా?"

అంబరి కుండలో చెయ్యి పెట్టింది. అక్షరాలు ఒకటొకటిగా ఆమె చేతి మీదికి పాకి వరుసలో నిలబడ్డాయి. "వైశాఖ బహుళ తదియ. వరదకు చెరువు కట్ట తెగబోగా, కొండాలు అనే రాక్షసి వీపు అడ్డంపెట్టి మూడు జాములు నిలిచింది. ఊరు బతికింది. ఆమె బతకలేదు."

గండశిలుడు కొండ అదిరేలా ఏడ్చాడు. ఆ పైన కళ్ళెర్రజేసి, "మరి ఎందుకు చదవడం మానేశారు?" అన్నాడు.

చెదలు తినేశాయని చెబితే సరిపోయేది. ఆ మాట అంబరి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదుట ఆ కన్నీళ్ళు చూస్తూ చెప్పలేకపోయింది.

"నా వల్లే" అంది. "మా చెల్లి పుట్టిన ఏడాది ఇంట్లో బూరెలు వండారు. చల్లారిపోతాయని కోట వాకిట చదువుతున్న నాన్న కండువా పట్టుకు లాగాను. అప్పటికి ఆఖరి ఆకు ఒక్కటే మిగిలింది. నాన్న వదిలేశాడు. మరుసటేడూ అంతే. అలా అలవాటైపోయింది. అందులో ఏముందో నాకు తెలియదు మామా. తప్పు నాది. నన్నేం చేసినా సరే, అక్షరాలు ఇవ్వు. లేకపోతే మా చెల్లి పోతుంది."

"ఎవరు పోతారు?" గండశిలుడు అదిరిపడ్డాడు. "పసిపిల్లా? అయ్యయ్యో! నేనలా ఎందుకు అనుకుంటానమ్మా? మా అమ్మ పేరు ఒక్కసారి వినాలనుకున్నానంతే!" అని కుండను చంకనా, అంబరిని భుజానా వేసుకుని కొండ దిగాడు.

ఏడో రోజు పొద్దు నడినెత్తికి వస్తుండగా కోట వాకిట దిగారు. జనం హాహాకారాలు చేశారు. శరభయ్య మాత్రం కదల్లేదు. ఆయన ఒళ్ళో బంతి మాట ఒక్కటే మిగిలింది, "అక్కొచ్చిందా?" అని సన్నగా.

అంబరి కుండను తాటాకుల మీద వంచింది. అక్షరాలు ఆకుల మీదికెక్కి ఎక్కడివక్కడ కూర్చున్నాయి. "పైకి చదివితేనే నిలుస్తాయి. ముందు ఆఖరి ఆకు చదువు నాన్నా" అంది. గడ్డం మాసిన రాజుగారు గుంపులోంచి, "అవును, నాది తర్వాత చదవచ్చు" అన్నారు. శరభయ్య కొండాలు మాట చదివాడు. ఊరి జనమంతా ఒక్కటై, "ఔరా!" అన్నారు.

మిగతా ఆకులూ ఒక్కొక్కటే చదువుతుంటే చెరువు కట్ట గట్టిపడింది. కాపలావాడు రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు. బంతి పాదాలు, లంగా, బుగ్గలు వరసగా కనిపించాయి. అంబరి చెల్లెల్ని వాటేసుకుని ఏడ్చింది చూడండీ, ఆ ఏడుపు చూసి నగారా వాయించేవాడు కూడా ముక్కు చీదాడు. రాజుగారు ఆ రోజే అంబరిని తిథిపాఠకురాలిగా నియమించారు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఒక్క ఆకు కూడా వదల్లేదు.

గండశిలుడు గోడ వెనక్కి పోబోతుంటే బంతి పరుగెత్తి అతని బొటనవేలు పట్టుకుని, అందరిలో ముందు కూర్చోబెట్టింది. ఒళ్ళోకెక్కి, "మీ అమ్మ ఎలా ఉండేది?" అని అడిగింది.

అన్నేళ్ళలో ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. గండశిలుడు కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, చెప్పడం మొదలుపెట్టాడు.