పోతులయ్య పడుగు

ముందు మీరు చూసిందేమిటో చెప్పండి.

గులాబీ రంగు పట్టుచీర, వంకాయ రంగు అంచు, వెనక తెల్లగోడ. మీ ఫోనుకు కూడా ఆ ఫోటో వచ్చే ఉంటుంది. ధర్మవరం చీరల ఫోటోలు తిరగని గ్రూపు ఎక్కడుంది గనక. ఆ చీర మీద అడ్డంగా, వెంట్రుక కన్నా సన్నగా, గీతలు కనిపించాయా లేదా? లైటు తేడా అనొద్దు. కెమెరా పాతదనొద్దు. ఆ మాటలన్నీ ముందే అనేశారు. కంటితో చూసింది చెప్పండి చాలు. చెప్పడానికి నోరు రాకపోతే, ఆ ఫోటో తీసిన పిల్లకు ఏం జరిగిందో వినండి.

శ్రావ్య పుట్టింది కదిరిలో, మెట్టింది ధర్మవరంలో. మామ సుబ్బారావు పట్టుచీరల సావుకారు. నేతగాళ్ళకు పట్టు ఇచ్చి, నేయించి, తన అంగట్లో అమ్ముకునే మనిషి. ఆ ఇంట్లో కోడలంటే వంటింటికీ పూజగదికీ మధ్య తిరిగేది. శ్రావ్య మాత్రం మొండికేసి కెమెరా కొనిపించుకుంది. చీరలకు ఫోటోలు తీసి ఫోన్లలో పంపి అమ్మడం మొదలుపెట్టింది. అమ్మి చూపించింది కూడా. ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఆమెకున్నది ఆ పని ఒక్కటే.

ఫోటోలకు గది కావాలంటే, అంగడి వెనక సందులో ఖాళీగా పడున్న ఇల్లు ఇచ్చాడు మామ. అది పోతులయ్య అనే నేతగాడిది. మగ్గం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాత ఇల్లు సావుకారు చేతికి ఎలా వచ్చిందో నేతగాళ్ళ వీధిలో ఎవరూ అడగరు. అడగక్కర్లేదు. మగ్గం విప్పేశారు. నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చునే గుంతను మట్టితో పూడ్చి, పైన టైల్సు పరిచారు. గోడలకు తెల్లరంగు కొట్టారు. అక్కడొక మనిషి బతుకంతా వంగి కూర్చున్నాడన్న గుర్తు లేకుండా తుడిచేశారు.

శ్రావణమాసం గిరాకీ మొదలైన రోజుల్లో గీతలు వచ్చాయి. మొదట ఒక ఫోటోలో, మూలకు, ఒకటో రెండో. కంటితో చూస్తే చీర నున్నగా ఉంది. ఫోటోలో గీత ఉంది. లెన్సు మీద దుమ్మేమోనని మెత్తటి గుడ్డతో తుడిచింది. మళ్ళీ వచ్చాయి. మెమరీ కార్డు మార్చింది. లైట్లు మార్చింది. మార్చిన కొద్దీ గీతలు చిక్కబడ్డాయి. బత్తలపల్లి నుంచి ఒకామె, పోగులు లేచిపోయిన చీర నాకెందుకని ఆర్డరు వద్దంది. ఆమెను చూసి ఇంకొందరు.

సంగతి మామ చెవిన పడింది. ఆయన గొంతు పెంచలేదు. అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"శుక్రవారం దాకా చూస్తా. ఆపైన ఆ గది నాకు స్టాకుకు కావల్లమ్మా. నువ్వు అత్తకు తోడుగా ఇంట్లో ఉందువు."

శ్రావ్య కంచం తీసేసింది. మర్నాడే కెమెరా సంచిలో పెట్టుకుని హిందూపురం రైలెక్కింది. అక్కడ మహేష్ అని, కెమెరాలు బాగుచేసే కుర్రాడున్నాడు. అతను లెన్సు ఊడదీశాడు. లోపలున్న సెన్సరును రబ్బరు బుడ్డితో ఊది, దీపం పెట్టి చూశాడు. తెల్లగోడకు ఫోటో తీశాడు. లోపల దుమ్ముంటే తెల్లగోడ మీద మచ్చలుగా పడుతుందట. ఒక్క మచ్చ లేదు. కొన్ని ఎల్ఈడీ లైట్లు కంటికి తెలియకుండా రెపరెపలాడతాయనీ, వాటికింద తీస్తే చారలొస్తాయనీ చెప్పి, అట్లాంటి లైటు వేసి చూపించాడు. అవి వెడల్పు చారలు. శ్రావ్య ఫోటోల్లోవి పోగుల్లాంటివి.

"కెమెరాలో ఏం లేదక్కా. ఉంటే మీ గదిలో ఉండాది. గదిని రిపేరు చేసేది నాకు రాదు," అని నవ్వాడు. రిపేరే చేయనప్పుడు దుడ్లు కూడా వద్దన్నాడు. ఆమె లేవబోతుంటే ఒక ఉపాయం చెప్పాడు. కెమెరాను కొంచెం పక్కకు వంచి తీయాలి. ఫోటోలో చీర వంకరగా పడుతుంది. గీత కెమెరాదైతే అది మాత్రం వంగదు, ఫోటో అంచుకు సమంగానే ఉంటుంది. చీరతో పాటు గీత కూడా వంగిందంటే, కెమెరా తప్పేమీ లేదు. గీత అక్కడే, చీర ముందరే ఉన్నట్టు.

మధ్యాహ్నం ఎండలోనే ఆమె గదికి తిరిగొచ్చింది. లైట్లన్నీ ఆర్పేసి తలుపు బార్లా తెరిచింది. గులాబీ చీర మీద ఎండ పడింది. బయట సందులో ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు. భయపడడానికి అందులో ఏమీ లేదు.

కెమెరా వంచి తీసింది.

చీర వంగింది. గీతలూ వంగాయి.

ఇంకోవైపు వంచింది. అటూ వంగాయి.

చేయి చాపి చీర ముందు గాలిలో ఆడించింది. ఏమీ తగల్లేదు. గోడ పక్కకు జరిగి, గది పొడుగునా తీసింది. అప్పుడు తెలిసింది. గీతలు చీర మీద లేవు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నడుమెత్తున, ఒకదాని పక్కన ఒకటి, బిగించి కట్టినట్టున్నాయి. పట్టు ఇంటికి వచ్చిన కోడలు. ఆ మాత్రం గుర్తుపట్టలేదా? అది పడుగు. మగ్గం మీద పొడుగునా లాగి కట్టే పోగులు. మగ్గం లేని గదిలో...

గంజి వాసన వచ్చింది. తడి పట్టు వాసన. తలుపు మూయబోతూ చేయి చూసుకుంది. వేళ్ళ కొసలకు బూడిద అంటుకుని ఉంది.

పోతులయ్య పెండ్లాం రామాంజినమ్మ ఇప్పుడు పెనుకొండలో, కొండ కింద, కూతురి దగ్గర ఉంటోందని పనిమనిషి చెప్పింది. శుక్రవారం పొద్దున్నే శ్రావ్య అక్కడికి పోయింది. ముసలామె గడప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. ఎవరివని అడిగి, సావుకారు పేరు విన్నాక చాప చూపించలేదు, మంచినీళ్ళూ ఇవ్వలేదు. గీతల మాట విన్నా ఒలవడం ఆపలేదు.

పడుగు అయిపోతే నేతగాళ్ళు మగ్గం మీద కొసలు వదిలేస్తారనీ, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే తెచ్చి ఆ పాత కొసలకు అతుకుతారనీ ఆమె చెప్పింది. వేళ్ళకు బూడిద రాసుకుని, రెండు పోగులూ కలిపి నలిపితే అతుక్కుంటాయి. ఆ ఇంట్లో ఆ పని ఆమెదే. తన మామ కాలంనాటి పోగుకు మొగుడి పోగు, ఆ పోగుకు ఇంకో పోగు. ఆ మగ్గం మీద కొస తెగింది లేదు.

"మీ మామ కత్తెర పట్టుకొని వచ్చె. పీనుగ ఇంకా ఇంట్లోనే ఉండాది. నా పట్టు నాకు కావల్లనె. మూరెడు కొసైనా వదలప్పా అని కాళ్ళు పట్టుకుంటి. మొదలుకంటా కోసుకొని పాయె."

ఇప్పుడు ఏం చేయాలని శ్రావ్య మెల్లగా అడిగింది. రామాంజినమ్మ చేతిలో కాయ చిట్లింది.

"మా ఆయప్ప ఏం జేస్తాడు... అతికేదానికి కొస వెతుక్కుంటాండాడు."

అప్పుడు మొదటిసారి ఆమె తలెత్తింది. శ్రావ్య మొహం వైపు కాదు. భుజం మీంచి ముందుకు పడిన జడ వైపు.

"నీ జడ పొడుగ్గానే ఉండాదే పాపా," అంది. మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

శ్రావ్య తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గదికి పోకూడదనే అనుకుంది. కానీ సందు మొదట్లోనే మామ కనిపించాడు, చేతిలో తాళం. ఆయన కన్నా ముందు పోయి కెమెరా తెచ్చుకోవాలి. అది ఆమెది. పరుగెత్తి లోపలికి పోయింది. కెమెరా ఎదురు గోడ దగ్గర, స్టూలు మీద ఉంది. తీసి మెడలో వేసుకుంది. వెనక్కి తిరిగేసరికి సుబ్బారావు తలుపులో నిలబడి ఉన్నాడు.

"పోతులయ్య పడుగు నువ్వే కోసినావా మామా?"

"నా పట్టు. నేను కోసుకున్నా. దానికేమిప్పుడు?"

ఆ మాట విన్నాక ఆమెకు భయం పోయి ఒళ్ళు మండింది. ఈ మనిషిని ఆ పోగుల మధ్య నిలబెట్టి చూపించాలి, అంతే. కెమెరా ఎత్తి ఆయనకు ఫోటో తీసింది. తెర మీద చూసింది.

గీతలు ఆయనను తాకలేదు. ఆయన దగ్గర రెండుగా చీలి, అటూ ఇటూ తప్పుకుని వచ్చాయి. ఎంగిలి విస్తరిని దాటుకుని పోయినట్టు. ఆయనను దాటాక మళ్ళీ కలిశాయి. కలిసి... కెమెరా వైపే వచ్చాయి. అన్నీ. ఫోటో కింది మూలకు. ఆమె జడ వేలాడుతున్న వైపుకు.

శ్రావ్య కిందికి చూసుకుంది. కాళ్ళ కింద టైల్సు. గుంత పూడ్చిన చోటు. నేతగాడు కూర్చునే చోటు.

చెవి వెనక చిన్న చప్పుడు. పొడి బూడిద... రెండు వేళ్ళ మధ్య... నలుగుతున్న చప్పుడు. ఒకటి. ఇంకొకటి. తొందర లేదు. పనితెలిసిన చేయి.

జడ మెల్లగా బిగిసింది. తల వెనక్కి పోయింది.

"మామా... పట్టుకో," అంది.

ఆయన ఒక్క అడుగు వేశాడు. వెనక్కి.

స్టూలు మీద చీరల చీటీలు కత్తిరించే కత్తెర ఉంది. చేయి చాచింది. అందలేదు. ఇంకా చాచింది. అందింది. మెడ దగ్గర జడ పట్టుకుని కోసింది. తెగడానికి చాలాసేపు పట్టింది. తెగగానే ముందుకు పడి, మోకాళ్ళ మీద పాకుతూ మామను తోసుకుని సందులోకి వచ్చిపడింది.

జడ కింద పడిన చప్పుడు వినబడలేదు. తలుపులో నిలబడ్డ సుబ్బారావు ఆ జడ ఏమైందో చూశాడు. ఏం చూశాడో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తాళం మాత్రం వేశాడు. అంగట్లో కత్తెర ముట్టడు. చీర కోయాల్సొస్తే పనివాళ్ళను పిలుస్తాడు.

శ్రావ్య కదిరిలో పుట్టింటికి పోయింది. పని పోయింది, గది పోయింది, జుట్టు మెడ దాటి పెరగనివ్వడం లేదు. పది మంది కలిసి గదిని తెరిచి చూశారు తర్వాత. ఊడ్చినట్టుగా ఉంది. జడ లేదు.

అతుకు పడబోయి తెగింది. పోతులయ్యకు కొస ఇంకా దొరకలేదు. కానీ శ్రావ్య అంతకుముందే పంపిన ఫోటోలు ఊరూరా ఫోన్లలో ఉన్నాయి. అందుకున్నవాళ్ళు ఇంకొకరికి పంపారు. గులాబీ రంగు చీర, వంకాయ రంగు అంచు.

ఇప్పుడా ఫోటో తెరవండి. ఫోను కొంచెం పక్కకు వంచండి. చీర ఫోనుతో పాటు వంగుతుంది, అది మామూలే. గీత కూడా దానితో వంగిందా... లేక మీ గదిలో ఉన్నచోటే నిలిచిందా?