మైనస్ నాలుగు రోజులు

లెక్కల మాస్టారిని పిల్లలు చాటుగా డేగ అనేవారు. పరీక్ష హాల్లో చివరి బెంచీలో ఎవడైనా కాస్త మెడ తిప్పాడో, క్షణంలో ఆయన చెయ్యి వాడి కాగితం మీద ఉండేది. పెళ్లి కూడా కాకముందే అంత పేరు తెచ్చుకోవడం మాటలు కాదు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

అలాంటి మనిషికి హాఫియర్లీ పరీక్షల్లో జోడీగా కొత్త బయాలజీ టీచర్ని వేశారు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మొదటి రోజే గొడవ.

"మేడమ్, మీ చెప్పులు కిర్రుమంటున్నాయి. పిల్లల ధ్యాస చెదురుతుంది."

"మీ చూపులకి చెదరని ధ్యాస నా చెప్పులకి చెదురుతుందా సార్?"

హాలంతా కిసుక్కుమంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆమె చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఆ చివర గోడకు ఆనుకుని నిలబడింది. ఈయన ఈ చివర. హాల్లో మాట్లాడకూడదు కాబట్టి ఇద్దరూ కళ్లతోనే పోట్లాడుకున్నారు.

మర్నాడు కూడా కోపంగానే చూద్దామనుకున్నారు మాస్టారు. కోపం రాలేదు. ఆ మర్నాడు లెక్కల పరీక్ష. బయట వాన దంచి కొడుతోంది. జల్లుకు తడిసిన ముంగురులు వెనక్కి తోసుకుంటూ ఆమె ఇటు చూసి చిన్నగా నవ్వింది. అంతే, ఈయనకు రెండూ రెండూ ఎంతో కూడా గుర్తురాలేదు. గంట కొట్టారన్న సంగతి ప్యూను వచ్చి చెప్పాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా ఇద్దరికీ హెడ్‌మిస్ట్రెస్ గది నుంచి పిలుపు వచ్చింది.

"ముగ్గురు మేస్త్రీలు గోడ కట్టడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగావు నాయనా. నీ హాల్లో పిల్లలంతా ఏం రాశారు?" అందావిడ.

"మైనస్ నాలుగు రోజులు, మేడమ్."

"అంటే మేస్త్రీలు రాకముందే గోడ లేచిపోయింది! ఒకడు రాస్తే తెలివితక్కువ. హాలంతా రాస్తే?"

"కాపీ," నసిగారు మాస్టారు.

"టౌను పిల్లలకీ ఊళ్లనుంచి వచ్చే పిల్లలకీ ఉప్పూ నిప్పూ. రబ్బరు ముక్క ఇచ్చిపుచ్చుకున్న పాపాన పోరు. కాపీ కొట్టుకోరనే కదా, బెంచీకి అటొకణ్ణీ ఇటొకణ్ణీ కూర్చోబెడుతున్నాం! ఐకమత్యం గురించి నేనెన్ని ఉపన్యాసాలిచ్చినా కలవనివాళ్లు, నీ హాల్లో తోడబుట్టినవాళ్లలా కలిసిపోయారు."

మాస్టారు తలొంచుకున్నారు.

"నీ తప్పుండదులే. డేగ కళ్లు నీవి. ఈ కొత్తమ్మాయే కునుకు తీసుంటుంది. మెమో ఇచ్చేస్తాను."

మెమో ఇస్తే పర్మనెంటు మాట ఇక మర్చిపోవాల్సిందే. పక్కన నిలబడ్డ ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు. మాస్టారు ఊ అంటే చాలు, ఆయన పేరు నిలబడుతుంది.

"ఆవిడ నిద్రపోలేదు మేడమ్. నాకు బాగా తెలుసు. పరీక్ష జరిగినంతసేపూ నేను ఆవిడనే చూస్తున్నాను."

"మరి పిల్లల్ని?"

"ఒక్కసారి కూడా చూడలేదు. మెమో నాకివ్వండి."

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. మెమో ఆయనకే ఇచ్చింది. సోమవారం మళ్లీ పరీక్ష అంది. "ఈసారి హాల్లో డ్యూటీ నాది. మీరిద్దరూ వరండాలో కూర్చోండి. మీ చూపులు మీరు చూసుకోండి."

సోమవారం వరండా బెంచీకి ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు కూర్చున్నారు.

"ఆ మాట చెప్పడానికి మీకు హెడ్‌మిస్ట్రెస్ గదే దొరికిందా?" ఆమె గొంతులో కోపమో ఏడుపో తెలియలేదు.

"హాల్లో మాట్లాడకూడదు కదండీ."

"స్టాఫ్‌రూము ఉంది. బస్టాపు ఉంది. నోరుంది."

"ధైర్యమే లేదు. మీరు నవ్వి ఊరుకుంటారేమోనని భయం." మాస్టారు బెంచీ మీద కాస్త దగ్గరికి జరిగారు. "ఇప్పుడు చెబుతున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. పెళ్లి చేసుకుందామని ఉంది. మీకిష్టం లేదంటే చెప్పేయండి, ఇకమీదట వేరే హాల్లో డ్యూటీ వేయించుకుంటాను."

ఆమె పెదవులు కదిలాయి. ఏమందో పక్కనున్న మాస్టారికే సరిగ్గా వినపడలేదు.

"అమ్మాయ్, వినపడలేదు. గట్టిగా చెప్పు!"

ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. కిటికీ ఊచలకు చెంప ఆనించి హెడ్‌మిస్ట్రెస్ నిలబడి ఉంది. ఆవిడ వెనక పిల్లలంతా పెన్నులు పక్కన పడేసి, మెడలు సాచి, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

ఆమె లేచి నిలబడింది. తరగతిలో పాఠం చెప్పే గొంతుతో, "ఇష్టమే అన్నాను మేడమ్!" అంది.

హాలు ఈలలతో, చప్పట్లతో దద్దరిల్లింది. "సైలెన్స్!" అని అరిచిన హెడ్‌మిస్ట్రెస్ తనే ముందు నవ్వేసింది. ఎవరూ ఒక్క ముక్కయినా రాయలేదు కాబట్టి అందరికీ అరగంట ఎక్కువ ఇచ్చింది. వరండాలో ఉన్న ఇద్దరికీ ఆ అరగంట కూడా చాలలేదు.