నంబరు చెప్పొద్దు మావయ్యా

పొద్దున్నే కోడలు తెచ్చిపెట్టిన టీ గ్లాసును అప్పలసూరి వేలితో పక్కకు నెట్టాడు. జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. నెల్లిమర్ల మొత్తంలో తనకు తెలియని విషయం లేదని ఆయన నమ్మకం. మిగతావాళ్ళు నమ్మకపోయినా వినక తప్పదు, గొంతు అంత పెద్దది మరి.

"కొట్టులో బిల్లులు కొట్టుకునే దాని సేత నాను సెప్పించుకోవాలేటి?" అన్నాడు భార్య దాలమ్మతో, కోడలికి వినపడేలా.

కోడలు ఝాన్సీ విజయనగరంలో ఒక బట్టల షాపులో క్యాషియర్. నిన్న ఆమె పెళ్ళిరోజని మధ్యాహ్నం అందరూ అక్కడే ఒక హోటల్‌కి వెళ్ళారు. బిల్లు రాగానే అప్పలసూరి కార్డు తీసి జమీందారులా సర్వర్ చేతిలో పడేశాడు. సర్వర్ నాలుగడుగులు వేశాడో లేదో, ఈయన "పిన్ నంబరు రాసుకోరా! ఇరవై ఏడూ..." అని హాలంతా అదిరేలా కేకపెట్టాడు. పక్క టేబుళ్ళవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఝాన్సీ గబుక్కున లేచి, సర్వర్ చేతిలోని కార్డు వెనక్కి తీసుకుంది. కౌంటర్ దగ్గర అంటించిన కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేసి, తెరమీద వచ్చిన పేరు హోటల్‌దేనని అడిగి తెలుసుకుని మరీ డబ్బు కట్టింది. మావ ఎదురుగా ఉండగా కోడలు బిల్లు కట్టడమా! ఆ అవమానానికి తిన్న బిర్యానీ కూడా అరగలేదట ఆయనకి.

"కార్డు మన కళ్ళ ముందే ఉండాల మావయ్యా. నంబరు మనమే నొక్కాల. ఎవడైనా విని, కార్డు కాపీ తీసుకుంటే మీ డబ్బులన్నీ పోతాయి," అంది ఝాన్సీ, టీ గ్లాసు తీస్తూ.

"పోతే నావి పోతాయి. అందరి ముందు నా పరువు తీసీసినావు కదే! రేపట్నించి నువ్వు కొట్టు మానీ. ఇయ్యాలే ఎల్లి మీ ఓనరుకి సెప్పీసొస్తాను."

ఝాన్సీ ముఖం పాలిపోయింది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ పోట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం అది. మొగుడు మురళీమోహన్ వైపు చూసింది. అతను హడావుడిగా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. తండ్రి ముందు అతగాడి ధైర్యం ఎప్పుడూ అంతే.

"పిల్ల మంచికే సెప్పింది కదయ్యా," అంది దాలమ్మ.

"నోర్ముయ్. నీకేటి తెలుసు?"

పదకొండింటికి అప్పలసూరి షాపులో దిగాడు. ఓనర్ ఇంకా రాలేదు. కొనకుండా కూర్చోవడం నామోషీ అనిపించి, ఒక తువ్వాలు తీసుకుని లైన్లో నిలబడ్డాడు. ఎవరు నంబరు నొక్కుతున్నా ఝాన్సీ కార్డు మిషన్ వాళ్ళవైపు జరిపి, తన మొహం గోడవైపు తిప్పేసుకుంటోంది. పట్టుచీర కొన్నావిడకైనా, లుంగీ కొన్నాయనకైనా అంతే. ఏం పొగరో అనుకున్నాడు అప్పలసూరి.

ఆయన వంతు వచ్చింది. ఝాన్సీ బిల్లు కొట్టి, ఆయనిచ్చిన కార్డు మిషన్లో పెట్టింది.

"ఊఁ, సెప్తాను, నొక్కు."

"సెప్పొద్దు మావయ్యా. మీరే నొక్కండి."

అప్పలసూరి వేలు మిషన్ మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. వెనక ఆరుగురు చూస్తున్నారు. అంత గొంతూ ఏమైపోయిందో, ముందుకు వంగి గొణిగాడు.

"అంకెలు ఆనడం నేదే అమ్మీ. రెండేళ్ళ బట్టీ కళ్ళు ఆనడం నేదు. ఇంట్లో ఎవులికీ సెప్పనేదు."

ఝాన్సీకి దుఃఖం ముంచుకొచ్చింది. ఊరందరినీ చేతకానివాళ్ళని తీసిపారేసిన మనిషి, తనకు చేతకాదని ఎవరితో చెప్పుకుంటాడు? ఆ కేకలన్నీ ఇందుకా! ఆయన వేలు పట్టుకుని మిషన్ నడిమధ్యన పెట్టింది.

"ఇక్కడ బొడిపి తగుల్తాందా? ఇది అయిదు. దీని పైన రెండు, కింద ఎనిమిది. ఎడంపక్క నాలుగు, కుడిపక్క ఆరు. పై మూలల్లో ఒకటి, మూడు. కింది మూలల్లో ఏడు, తొమ్మిది. అన్నిటికన్నా కింద సున్నా. మీ నంబరు నాకొద్దు. తడుముకుని నొక్కండి, ఎంతసేపైనా పర్లేదు."

అని మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"ఎంతసేపండీ?" అని వెనక ఎవరో విసుక్కున్నారు.

"ఆగండి. ఆయన మా మావయ్య," అంది, తల తిప్పకుండానే.

మిషన్ నాలుగుసార్లు కూసింది. పచ్చబటన్ ఆమె నొక్కాక చీటీ బయటికొచ్చింది. అప్పలసూరి కళ్ళలో నీళ్ళు నిండాయి. ఇంత మర్యాద తనకు ఇంట్లో ఒక్కరూ ఇవ్వలేదు, తనూ ఒక్కరికీ ఇవ్వలేదు.

అప్పుడే ఓనర్ వచ్చాడు. "నాతో పనుందన్నారట, ఏంటి పెద్దాయనా?"

ఝాన్సీ చీటీ చింపి తువ్వాలు మీద పెట్టింది.

"ఈ పిల్ల మా కోడలు బాబూ," అన్నాడు అప్పలసూరి, షాపంతా వినపడేలా. "పొద్దున్న నానా మాటలూ అనీసినాను. తప్పు నాదే. ఇది పని మానదు. ఒక్క పూట సెలవియ్యండి, నన్ను కళ్ళాసుపత్రికి తీసుకెల్లాల."