గోనెమనిషి చిన్నప్పటి ముఖం

తాయి గీత తొక్కింది. పొరపాటున కాదు, కావాలనే తొక్కింది. తొక్కుడుబిళ్ళ మూడో గడిలో గీత మీద పాదమంతా ఆనించి నిలబడి, చుట్టూ ఉన్న పిల్లల ముఖాల్లోకి ఒక్కొక్కరినే చూసింది.

ఎవరూ "ఔట్" అనలేదు.

"ఆడు తాయీ, ఇంకా నీదే ఆట," అంది హైమ.

"గీత తొక్కాను కదే! కనపడట్లేదా?"

"లేదులే. కొంచెం తగిలిందంతే."

పోయిన ఏడాది ఇదే హైమ గోరంత తేడాకు గంటసేపు దెబ్బలాడేది. అప్పుడు తాయికి, హైమకు రోజూ గొడవే. "నీ జట్టు పచ్చి" అని మాటలు మానేసుకోవడం, బడి వదిలే వేళకు మళ్ళీ జట్టు కట్టడం. ఇప్పుడు హైమ నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు చూస్తే తాయికి ఏడుపొచ్చింది.

వరండాలో నుంచి అనసూయ టీచరు గారు కూడా నవ్వుతూనే చూస్తున్నారు. భోజనాల దగ్గర తాయి ఒంటరిగా ఉండకూడదని, పక్కన కూర్చోవడానికి ఆవిడ పిల్లలకు వంతులు వేశారు. ఆ రోజు వంతు వచ్చిన పిల్ల తన డబ్బాలోని గారె తీసి తాయికి పెట్టింది. తాయి వద్దంటే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

దీనికంతటికీ మూలం బాల్యదర్శిని.

కాకినాడలో ఆ యంత్రం లేని ఇల్లు లేదు. మనిషి దేహముద్ర, అంటే ఎముకల పొడవు, కండరాల తీరు, నడక, నవ్వినప్పుడు బుగ్గ ముడతపడే చోటు, అన్నీ తీసుకుని అది వెనక్కి లెక్క కడుతుంది. లెక్క పూర్తయ్యేసరికి ఆ మనిషి చిన్నప్పటి రూపం గది మధ్యలో నిలబడుతుంది. పెళ్ళిలో జీలకర్ర బెల్లానికి ముందు వధూవరులు ఒకరినొకరు అయిదేళ్ళ పిల్లలుగా చూసుకోవడం ఆచారమైంది. పెద్దకర్మ రోజున పోయినవారి బాల్యాన్ని చూసి కొడుకులు ఏడ్చేవారు. అత్తగారి మీద నోరు చేసుకోబోయిన కోడలికి పరికిణీ కట్టుకున్న చిన్నపిల్ల గుర్తొచ్చి మాట గొంతులోనే ఆగిపోయేది. జనం మెత్తబడ్డారు. ఆ మెత్తదనం మంచిదేనని అందరూ అనుకున్నారు. నిజానికి చాలావరకు మంచిదే.

తర్వాత అది సినిమావాళ్ళ కంటపడింది. ప్రతి దుర్మార్గుడికీ ఒక బాల్యం ఉంటుంది కదా, దాన్ని ఎందుకు చూపకూడదు అన్నారు. అలా పాత చిత్రాలన్నిటికీ పూర్వకథలు పుట్టుకొచ్చాయి. వాటిలో గోనెమనిషి పూర్వకథను చూడనివారు లేరు. గోనెసంచి ముసుగు, చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి, ఒక కాలు ఎగరేస్తూ నడక. ఒకప్పుడు వరసగా వచ్చిన ఆ చిత్రాలన్నిటిలో ఎంతోమందిని నరికినవాడి ముఖం మాత్రం ఎవరూ ఎరుగరు. పూర్వకథ తీసిన సంస్థ ఆ ముసుగు కింద నటించిన మనిషి దేహముద్ర సంపాదించి, బాల్యదర్శినికి ఇచ్చి, తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి తయారుచేసింది.

ఆ కుర్రవాణ్ణి కథలో ఎవరూ ఆటకు రానివ్వరు. మాస్టారు కొడతాడు. పక్కింటి పిల్ల "నీ జట్టు పచ్చి" అంటుంది. ఆ సాయంత్రమే వాడు మొదటిసారి కత్తి పడతాడు. ఆ పిల్లే వాడి మొదటి బలి. అది నిలువుచిత్రం, అంటే చూసేవాళ్ళు కుర్చీల్లో కూర్చోరు, జరుగుతున్న దాని మధ్యలో నిలబడతారు. కత్తి తుడుచుకుని ఆ కుర్రవాడు తలెత్తి ప్రతి ఒక్కరి కళ్ళలోకి దగ్గరగా చూస్తాడు. ఆ ముఖాన్ని మరిచిపోవడం ఎవరి తరం కాలేదు.

ఆ ముఖం తాయిది, మన మంగతాయారుది.

ముసుగు కింద ఆనాడు నటించినవాడు తాయి తాత మణికంఠ. ఉప్పాడ వైపు సముద్రం మింగేసిన పల్లెలో పుట్టి, ఫైట్లు చేసి బతికిన మనిషి. సంస్థవాళ్ళు అడిగితే సంతోషంగానే ఒప్పుకున్నాడు. గోనె కింద ఉన్నది తనేనని ఇన్నాళ్ళకు లోకానికి తెలుస్తుందని మురిసిపోయాడు కూడా. యంత్రం తయారుచేసిన ముఖం బతికున్నవాళ్ళెవరిదీ కాదని సరిచూసుకోవడం నియమం. వాళ్ళు సరిచూశారు. కానీ పిల్లల ముఖాలను ఎక్కడా నమోదు చేయకూడదన్నది చట్టం. పిల్లల మేలు కోరి చేసిన చట్టమే. తాత తొమ్మిదేళ్ళ ముఖం జగన్నాథపురంలో మనవరాలికి ఉండవచ్చన్న సంగతి ఏ లెక్కకూ తట్టలేదు. తాయిది తాత పోలికేనని చుట్టాలు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. ఆ ఏడు వేసవిలో అన్నవరం మొక్కు తీర్చుకుని తాయికి గుండు చేయించారు. చిత్రం విడుదలయ్యేసరికి జుట్టు మగపిల్లల క్రాపంత పెరిగింది. ఇక తేడా అన్నది మిగల్లేదు.

ఫిర్యాదు చేస్తే సంస్థ మర్యాదగానే క్షమాపణ చెప్పి చిత్రంలో ముఖం మార్చింది. అప్పటికే చూసినవాళ్ళు చూసేశారు.

తాయిని ఎవరైనా ఏడిపించి ఉంటే తాత ఊరుకునేవాడు కాదు. కానీ ఒక్కరూ ఏడిపించలేదు. ఊరు ఊరంతా ఆ చిత్రం నుంచి ఒక పాఠం నేర్చుకుంది. ఈ పిల్లను ఆటలో ఓడించకూడదు, తిట్టకూడదు, కాదు అనకూడదు. ఇళ్ళలో తల్లులు పిల్లలకు చెవిలో చెప్పి పంపేవారు. ఇంత మంచితనాన్ని ఏ పోలీసుకు చెప్పుకుంటాం?

తాయి పరీక్షించడం మొదలుపెట్టింది. ఒకరి డబ్బాలో అన్నమంతా తినేసింది. పరవాలేదన్నారు. హైమ చేతిలోని పలకతెరను లాక్కుని నేలకేసి కొట్టింది. పాతదేలే అన్నారు. ప్రతి "పరవాలేదు"కూ ఆ పిల్ల లోపల ఏదో బిగుసుకుంటూ వచ్చింది.

తొక్కుడుబిళ్ళలో గీత తొక్కిన రోజు మధ్యాహ్నం చేతిపనుల తరగతి. రంగుకాగితాలు కత్తిరిస్తున్నారు. ముందు వరసలో హైమ వంగి పువ్వు చేసుకుంటోంది. ఆమె జడ వెనక బల్ల మీదికి జారింది. తాయి ఆ జడను ఎడమ చేత్తో పట్టుకుంది. కుడి చేతిలో కత్తెర ఉంది.

జుట్టు తెగిన చప్పుడు తరగతంతా వినిపించింది.

హైమ చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది. కింది పెదవి వణికింది. కళ్ళలో నీళ్ళు నిండాయి, కానీ కిందికి రానివ్వలేదు. "ప... పరవాలేదు తాయీ. మళ్ళీ పెరుగుతుంది," అంది.

"తాయమ్మా, ఆ కత్తెర నాకిస్తావా తల్లీ?" అన్నారు అనసూయ టీచరు గారు. చెయ్యి ముందుకు చాపారు గాని కాళ్ళు వెనక్కి పోతున్నాయి. తాయి ఆ కాళ్ళకేసి చూసింది. కత్తెర బల్ల మీద పెట్టి, తలవాల్చి కూర్చుంది.

తల్లి ఓడరేవు పనిలో ఉంటుంది కాబట్టి తాతకే కబురెళ్ళింది. మణికంఠ వచ్చేసరికి బల్ల మీద రిబ్బనుతో సహా మూరెడు జడ ఉంది.

"పెద్ద విషయమేం కాదండి. పాప కాస్త అలిసిపోయింది. ఇంటికి తీసుకెళ్తే చాలు," అన్నారు టీచరు గారు.

మణికంఠ జడను చూశాడు, టీచరు గారి నవ్వును చూశాడు. రెండోదే ఎక్కువ భయపెట్టింది. జడను పంచె కొంగులో చుట్టుకుని మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ కాలవగట్టు మీదుగా నడిచారు. వంతెన దగ్గర తాయి అడిగింది. "తాతా, నేను గోనెమనిషినైపోతానా?"

"నువ్వెలా అవుతావే? గోనెమనిషిని నేను కదా."

"నువ్వు ఊరికే వేషం కట్టావు."

"జనం దడుసుకుంది ఆ వేషాన్ని చూసే కదా. ఆ నడకుంది చూడూ, అదెక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? మొదటిరోజు షూటింగులో నా చెప్పు తెగిపోయింది. మే నెల ఎండ, తారు రోడ్డు. కాలు కాలిపోతుంటే ఎగిరెగిరి నడిచాను. డైరెక్టరు గారు అదే ఉంచెయ్యమన్నారు. నా కథంతా అంతేనే."

తాయి నవ్వలేదు. "సినిమాలో ఆ అబ్బాయితో ఎవరూ ఆడరు. అందుకే అలా అయిపోయాడు. నాతో అందరూ ఆడతారు. అయినా నాకు కోపం వస్తోంది తాతా. హైమ ఏడవకుండా కూర్చుంటే ఇంకా కొయ్యాలనిపించింది."

మణికంఠకు తన చిన్నతనం గుర్తొచ్చింది. తను చిన్నప్పుడు తిన్నన్ని తిట్లు ఊళ్ళో ఎవరూ తిని ఉండరు. తల్లి చీపురు పట్టుకుని ఇసకలో వెంటపడేది. చెల్లెలు పొద్దున పచ్చి కొట్టి సాయంత్రం జట్టు కట్టేది. యంత్రం తన ఎముకల్లో ఇవేవీ చదవలేకపోయింది. పోనీ, యంత్రం సంగతి సరే. ఆ చిత్రం వచ్చిన దగ్గరనుంచి తను మాత్రం ఈ పిల్లను ఒక్కసారైనా కసిరాడా? అన్నం పారబోస్తే తనే ఎత్తిపోశాడు. పాపం పిల్ల అనుకున్నాడు. అది పాపమనుకోవడమో, భయమో ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకే తెలియడం లేదు.

"తాయీ, ఇటు చూడు. నువ్వు చేసింది తప్పు," అన్నాడు గట్టిగా. "ఆడపిల్ల జడ కోస్తావా? సిగ్గులేదూ? ఎంత పెద్ద తప్పో తెలుస్తోందా నీకు?"

వంతెన మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. తాయి ముఖం ఎర్రబడింది. తల వంచుకుంది గాని తాత చెయ్యి వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పద. హైమావాళ్ళింటికి."

తలుపు తీసిన హైమ తల్లి వసుంధర, గుమ్మంలో తాయిని చూడగానే ఒక్క అడుగు వెనక్కి వేసి, వెంటనే నవ్వు తెచ్చుకుంది. "రండి బాబాయ్ గారూ. పాపా, రామ్మా, పూతరేకు పెడతాను."

"పూతరేకు వద్దమ్మా. మీ పిల్ల జడ కోసింది మా పిల్ల. నాలుగు చీవాట్లు పెట్టండి. అందుకే తీసుకొచ్చాను."

"అయ్యో, చిన్నపిల్లలండీ. దానికేముంది..."

"మీకు కోపం రాలేదా తల్లీ?"

వసుంధర నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "ఎందుకు రాదండీ? పుట్టినప్పట్నుంచి నూనె రాసి పెంచిన జడ. కానీ భయమండీ. మేమంతా ఆ సినిమాలో నిలబడి చూశాం. ఆ మాటన్న పిల్లనే కదా ముందు... నా కూతురు చేత ఆ మాట అనిపించమంటారా?"

మణికంఠ కొంగులోంచి జడ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "అమ్మా, ఆ సినిమాలో కుర్రోణ్ణి లెక్క కట్టింది నాలోంచే. నేను మీ ముందే ఉన్నాను. నన్ను చూసి చెప్పండి. ఈ పిల్లకి తిట్లు కరువైపోయాయి. అందుకే ఇలా తయారవుతోంది. ఇవాళ జడ. రేపేంటో నాకు తెలీదు. నాకూ భయంగానే ఉంది."

అంతవరకూ లోపలి గుమ్మం చాటున ఉన్న హైమ ఆ జడను చూసింది. తల్లి చేతిలో, రిబ్బనుతో సహా, పొద్దున అల్లింది అల్లినట్టుగానే ఉంది. మధ్యాహ్నం నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. విసురుగా వచ్చి తాయి ఎదుట నిలబడింది.

"నా జడ! నా జడ కోసేశావు! నీకేం చేశానే నేను? గీత తొక్కినా ఊరుకున్నాను, పలక పగలగొట్టినా ఊరుకున్నాను! నువ్వు చెడ్డదానివి! దొంగాటదానివి! నీ జట్టు పచ్చి! పో!"

వసుంధర కూతురి నోరు మూయబోయింది. చెయ్యి సగం దూరం వెళ్ళి ఆగింది.

తాయి కదల్లేదు. ఆ ముఖం, ఊరంతా కలలో చూసి ఉలిక్కిపడే ఆ ముఖం, మెల్లగా ముడుచుకుపోయింది. "తప్పయిపోయిందే," అంది. హైమ వినిపించుకోలేదు. తలుపు ధడాలున వేసేసింది.

తాయి మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మణికంఠ పక్కన కూర్చున్నాడు. ఓదార్చాలని చెయ్యి లేచింది, ఆపుకున్నాడు. లోపల హైమ ఇంకా తిడుతూనే ఉంది. తాయి ఆ తిట్లన్నీ చివరిదాకా విన్నది.

"తాతా, హైమ పచ్చి కొట్టేసింది," అంది ముక్కు తుడుచుకుంటూ.

"కొట్టదూ మరి? అంత పని చేశాక."

"ఎన్నాళ్ళు మాట్లాడదు?"

"ఏమోనే. జడ పెరిగేదాకా మాట్లాడకపోవచ్చు. రోజూ వచ్చి అడుగుదాం."

వీధిలో దీపాలు వెలిగాయి. ఎదురింటావిడ కిటికీలోంచి వీళ్ళను చూసి, గబుక్కున తలుపు రెక్క దగ్గరికి వేసుకుంది. తాయి అటు చూడలేదు. మూసిన హైమావాళ్ళ తలుపునే చూస్తోంది.

"రేపు నేను గీత తొక్కితే ఔట్ అంటుందా?"

"తొక్కితే అంటుంది. ఎందుకనదూ?"

తాయి లేచి నిలబడింది.

"నేనింక తొక్కను," అంది.